అఫిడవిట్‌లో భూమి, దస్తావేజులో భూమి: రాజకీయ వార్తకు ప్రభుత్వ రికార్డులు ఎక్కడ వెతకాలి?

కందుకూరు కలం

అందరికీ నమస్కారం. కందుకూరు వైపు ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా రాస్తున్నాను. జీతం లేదు, లైన్ అకౌంటే (అచ్చయిన లైన్లకే డబ్బు). మా దగ్గర ఒక నాయకుడు 2019లోనూ, 2024లోనూ పోటీ చేశారు. పేరు ఇక్కడ అనవసరం. నామినేషన్లతో ఆయన ఇచ్చిన రెండు ఆస్తుల అఫిడవిట్లూ దించుకుని చూశాను. మొదటిదానిలో లేని వ్యవసాయ భూమి రెండోదానిలో భార్య పేరున కనిపిస్తోంది. అది ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ (అసైన్డ్) భూమి అని ఊళ్లో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. కాగితం మీద సంతకం పెట్టమంటే మాత్రం ఎవరూ ముందుకు రారు. డెస్క్‌కు చెబితే ‘ఆధారం ఉంటే పంపు’ అన్నారు. తహశీల్దారు కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకుంటున్నాను. ఏమేం అడగాలో చెప్పగలరా?

పెన్నా ఒడ్డు

ఆ దరఖాస్తు ఇంకా పెట్టకు తమ్ముడూ. చిన్న కార్యాలయాల్లో ఉదయం ఇన్‌వార్డులో పడిన కాగితం సంగతి సాయంత్రానికి ఎవరికి తెలియాలో వారికి తెలిసిపోతుంది. ఆ తర్వాత రికార్డు దొరికే మాట అటుంచి, ఊళ్లో నీతో మాట్లాడేవారే ఉండరు. సమాచార హక్కు చట్టం మంచిదే. అయితే అది చివర్లో తట్టాల్సిన తలుపు. నీకు కావలసిన కాగితాల్లో చాలావాటిని వేరే చట్టాలు ఎప్పుడో బహిరంగం చేసి పెట్టాయి. ఏ కాగితం ఏ చట్టం కింద తెరిచి ఉందో తెలుసుకోవడమే ఈ పనిలో సగం.

అన్నిటికంటే ముందు చేతిలో ఉన్న అఫిడవిట్‌ను మళ్లీ చదువు. అభ్యర్థి అఫిడవిట్ రాసే ఫారం 26లో భూమి పట్టిక అంటే ఎకరాలు మాత్రమే కాదు. సర్వే నంబరు, వారసత్వమా కొనుగోలా, కొన్న తేదీ, కొన్నప్పటి ధర, ఆ తర్వాత పెట్టిన ఖర్చు, ఇప్పటి మార్కెట్ విలువ, వీటన్నిటికీ వేర్వేరు గడులు ఉంటాయి. అయిదేళ్లలో ఒకరు భూమి కొనుక్కోవడం వార్త కాదు. 2024 అఫిడవిట్‌లో చూపిన కొనుగోలు తేదీ 2019 నామినేషన్ కంటే ముందుదైతే అప్పుడు అది వార్త, ఎందుకంటే మొదటిసారి దాచినట్టు ఆయన కాగితమే చెబుతోంది. అలాగే 2019 నుంచి అభ్యర్థి, జీవిత భాగస్వామి, ఆధారపడినవారు గత అయిదేళ్లలో రిటర్నుల్లో చూపిన ఆదాయం కూడా రాయాలి. ఆ అయిదు అంకెల పక్కన అదే కాలంలో కొన్న ఆస్తుల ధరలు పెట్టి చూడు.

ఒక హెచ్చరిక. ‘ఆధారపడినవారు’ అన్న మాటలో సంపాదించుకుంటున్న కొడుకు రాడు, వేరు కాపురమున్న తమ్ముడు రాడు, బావమరిది అసలే రాడు. మన జిల్లాల్లో ఆస్తి ఎవరి పేరున ఉంటుందో నీకు నేను చెప్పనక్కరలేదు.

పాత అడంగల్ (రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని)

ఊళ్లో అందరూ డీకేటీ అంటారు కనుక డీకేటీ అనుకోవద్దు. పోరంబోకు, మేత బీడు, దేవుడి మాన్యం, సీలింగ్ మిగులు, అన్నిటినీ జనం ఒకే పేరుతో పిలుస్తారు. వాటికి చట్టాలు వేరు, రిజిస్టర్లు వేరు. మాన్యమైతే దేవాదాయ శాఖ 43 రిజిస్టర్ చూడాలి, తహశీల్దారు దగ్గర తిరిగి లాభం లేదు.

మొదట వేసుకోవలసిన ప్రశ్న ఏమిటంటే, ఆ గ్రామం పూర్వం రైతువారీనా (రైతులు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టేది), జమీందారీనా? రైతువారీ గ్రామమైతే రీ సెటిల్‌మెంట్ రిజిస్టర్ ఉంటుంది, దాన్నే ఆర్.ఎస్.ఆర్. అంటాం. వెంకటగిరి వంటి ఎస్టేటు కింద ఉన్న గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సర్వే, సెటిల్‌మెంట్ జరిగాయి. అక్కడ సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. భూమి పుట్టుక ఆ పుస్తకంలో ఉంటుంది. అక్కడ ప్రభుత్వ భూమి అని ఉండి, ఇవాళ 1-బిలో (ఇప్పటి హక్కుల రికార్డులో) పట్టాగా ఉంటే, మధ్యలో ఎప్పుడో ఎవరో ఒక ఉత్తర్వు ఇచ్చి ఉండాలి. ఆ ఉత్తర్వును వెతకడమే మీ పని. ఆర్.ఎస్.ఆర్.లో పట్టాదారు పేరు ఉండవలసిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములు ఇంకో తరహా. వాటికి 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది.

ఇక మీ ప్రాంతానికి మాత్రమే ఉన్న తలనొప్పి ఒకటి. కందుకూరు మొదట నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది, అదే తర్వాత ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ 4న మళ్లీ నెల్లూరులో కలిసింది. మార్కాపురం, గిద్దలూరు వైపు పాత కాగితం కావాలంటే కర్నూలు తలచుకోవాలి, అద్దంకి వైపైతే గుంటూరు. ‘రికార్డు మా దగ్గర లేదు’ అని గుమస్తా చెప్పినప్పుడు అది అబద్ధమే కానక్కరలేదు. జిల్లా గీత మారినప్పుడల్లా అలమారాలన్నీ కదలవు. ఏ సంవత్సరపు కాగితమో తేల్చుకుని, ఆ ఏడు ఆ ఊరు ఏ జిల్లాలో ఉండేదో చూసుకుని వెళ్లండి.

అడంగల్ (ఏటేటా సర్వే నంబరు వారీగా రాసే గ్రామ భూముల లెక్క) అడిగేటప్పుడు ఫసలీ, అంటే రెవెన్యూ సంవత్సరం, చెప్పండి. ఫసలీ జులై 1న మొదలవుతుంది. 2024 జులై నుంచి నడిచింది 1434. ఆ సంవత్సరంలోంచి 590 తీసేస్తే సరిపోతుంది. ఇది తెలియకుండా ‘2005 అడంగల్’ అంటే రెండు ఫసలీల్లో ఏదో ఒకటి ఇచ్చి పంపుతారు.

ఉలవపాడు మామిడి

ఇంత చదువు చదివి వార్త రాస్తే వేసేది ఎవరు? ప్రతి పత్రిక వెనుకా ఒక జెండా ఉంది. ఈ కుర్రవాడి నాయకుడు వారి జెండా వాడైతే వార్త బుట్టలోకి, ఎదుటి జెండా వాడైతే మొదటి పేజీకి. ప్రభుత్వాలు కూడా తక్కువ తినలేదు. 2021 ఆగస్టులో జీవోల వెబ్‌సైటునే ఆపేశారు, మళ్లీ 2024 ఆగస్టులో తెరిచారు. మూడేళ్లపాటు జీవో చూడాలంటే ఎవరినో ఒకరిని బతిమాలుకోవలసి వచ్చింది. రికార్డులట, పరిశోధనట.

పెన్నా ఒడ్డు

మామిడిగారూ, జెండాల సంగతి కాదనను. అందుకే కాగితం ఇంకా ఎక్కువ కావాలి. మాటల మీద రాసిన వార్తను ‘మీ జెండా వార్త’ అని కొట్టిపారేయవచ్చు. సబ్ రిజిస్ట్రార్ ముద్ర ఉన్న నకలును అలా కొట్టిపారేయలేరు.

అమెరికాలో ఐ.ఎఫ్. స్టోన్ అని ఒకాయన ఉండేవాడు. సొంత వారపత్రిక, పెద్దల విందులకు పిలుపు లేదు, రహస్యాలు చెవిలో చెప్పే మంత్రులు లేరు. అందరి బల్లల మీదా పడి ఉండే ప్రభుత్వ నివేదికలను చివరి పేజీ దాకా చదవడమే ఆయన విద్య. 1957లో నెవాడాలో భూగర్భ అణు పరీక్ష జరిపి, దాని ప్రకంపన 200 మైళ్లు దాటి నమోదు కాలేదని అక్కడి అణుశక్తి సంస్థ ప్రకటించింది. అదే ప్రభుత్వంలో భూకంపాలు కొలిచే వేరే శాఖను ఆయన అడిగాడు. సుమారు 2,600 మైళ్ల దూరాన అలాస్కాలో కూడా నమోదైందని వారి లెక్క చెప్పింది. సంస్థ తన ప్రకటన దిద్దుకోవలసి వచ్చింది. ఆయన తలుపు చాటున నిలబడి విన్నది ఏమీ లేదు. ఒక శాఖ కాగితం పక్కన ఇంకో శాఖ కాగితం పెట్టాడు.

మన దగ్గర ఎలక్టోరల్ బాండ్లు చూడండి. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చి 14న ఎన్నికల సంఘం రెండు జాబితాలు బయటపెట్టింది, ఒకటి కొన్నవారిది, ఇంకొకటి సొమ్ము చేసుకున్న పార్టీలది. వందల పేజీలు ఉన్నా ఎవరి సొమ్ము ఎవరికి చేరిందో తెలియలేదు. బాండ్ల నంబర్లు ఇచ్చి తీరాలని కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాక మార్చి 21న నంబర్లతో జాబితాలు వచ్చాయి. అప్పుడు గానీ రెంటికీ ముడి పడలేదు. రికార్డు అంటే అంకెల కుప్ప అనుకుంటాం. రెండు కుప్పలను కలిపే నంబరు దొరికితేనే అది మాట్లాడుతుంది. తమ్ముడి కథలో ఆ నంబరు సర్వే నంబరే.

నల్లకోటు (ఒంగోలు, న్యాయవాది)

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు.

రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చదవండి. ఒకటో పుస్తకం, రెండో పుస్తకం, ఒకటో పుస్తకానికి సంబంధించిన సూచికలు నిర్ణీత రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు. స్థిరాస్తి అమ్మకాలు, తనఖాలు, దానాలు ఉండేది ఒకటో పుస్తకంలోనే. దస్తావేజులో మీరొక పక్షమా, మీకేమి సంబంధం అని అడిగే అధికారం అక్కడ ఎవరికీ లేదు. వీలునామాలుండే మూడో పుస్తకం, ఇతర దస్తావేజులుండే నాలుగో పుస్తకం మాత్రం అందరికీ కాదు. కాబట్టి ఆ సర్వే నంబరు మీద ముందు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. కంప్యూటర్లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కార్యాలయంలో చేత్తో వెతికించుకోవాలి. ఈసీలో దస్తావేజు నంబరు వస్తుంది, దానితో నకలు అడగండి.

కోర్టు కాగితాలకు కూడా ఇదే సూత్రం. కోర్టు ఫైలు నకలు కావాలంటే కోర్టు నిబంధనల ప్రకారమే దరఖాస్తు చేసుకోవాలి, సమాచార హక్కు కింద కాదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో చెప్పింది. కేసుతో సంబంధం లేనివారు ఎందుకు కావాలో అఫిడవిట్ వేయాలి. కేసు ఏ దశలో ఉందో తెలుసుకోవడానికైతే ఈ-కోర్టుల సైటు చాలు. అభ్యర్థి తన అఫిడవిట్‌లో ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు రాసే ఉంటాడు.

ఇక ‘అఫిడవిట్‌లో దాచాడు కాబట్టి పదవి పోతుంది’ అని శీర్షిక పెట్టకండి. తప్పుడు అఫిడవిట్‌కు ప్రజాప్రాతినిధ్య చట్టం 125-ఎ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఎన్నిక రద్దు వేరే సంగతి, దానికి 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ పడాలి. పైగా అరుణాచల్ ప్రదేశ్‌లోని ఒక నియోజకవర్గం కేసులో 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అభ్యర్థి ప్రతి చిన్న చరాస్తినీ చెప్పి తీరాలనేమీ లేదని, దాచినది ఎంత ముఖ్యమైనదో చూడాలని అంది.

గెలాక్సీ రాయి

చీమకుర్తి నుంచి రాస్తున్నాను. భూమి ఒక్కటే కాదు, మా దగ్గర రాజకీయం రాయిలో ఉంటుంది. క్వారీ సంగతి తెలియాలంటే గనుల శాఖ గేటు దగ్గర పడిగాపులు అక్కరలేదు. పర్యావరణ అనుమతి లేఖ కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ సైటులో ఉంటుంది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో దీపక్ కుమార్ కేసు తీర్పు వచ్చాక అయిదు హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకు కూడా ఆ అనుమతి తప్పనిసరి అయింది. లేఖలో సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఏడాదికి ఎన్ని ఘనపు మీటర్లు తీయవచ్చో పరిమితి, అన్నీ రాసి ఉంటాయి. ఆరు నెలలకొకసారి యజమానే నివేదిక పంపాలి. ఒకవైపు ఆ పరిమితి, మరొకవైపు రాయి తరలింపుకు ఇచ్చిన పర్మిట్ల మొత్తం. ఈ రెండో అంకెకు మాత్రం సమాచార హక్కు వాడాల్సిందే.

క్వారీ కంపెనీ పేరున ఉంటే కంపెనీ వ్యవహారాల శాఖ సైటుకు వెళ్లండి. డైరెక్టర్లు ఎవరు, ఎప్పుడు చేరారు, ఎప్పుడు తప్పుకున్నారు, ఇవి ఉచితంగానే తెలుస్తాయి. 100 రూపాయలు కడితే ఆ కంపెనీ దాఖలు చేసిన కాగితాలు తెరుచుకుంటాయి. బ్యాలెన్స్ షీటు, వాటాదారుల జాబితా, బ్యాంకుకు ఏ ఆస్తి తాకట్టు పెట్టారన్న వివరం, అన్నీ. చాలామంది విలేకరులు డైరెక్టర్ల పేర్ల దగ్గరే ఆగిపోతారు. తాకట్టు కాగితం చూస్తే, రుణానికి హామీగా ఎవరి భూమి పెట్టారో బయటపడే సందర్భాలున్నాయి. నాయకుడు డైరెక్టర్‌గా ఉండడు, కానీ హామీదారుగా ఉంటాడు.

కొలతల పుస్తకం

నేను పనులు చూసినవాడిని, కాబట్టి పనుల గురించే చెబుతాను. కాలువ పూడికతీత, చెరువు కట్ట మరమ్మతు, సిమెంటు రోడ్డు, ఏదైనా సరే, కాగితాల వరుస ఒకటే: అంచనా, పరిపాలనా అనుమతి, అగ్రిమెంటు, ఎం.బుక్ (కొలతల పుస్తకం), బిల్లు. విలేకరులు అంచనా మొత్తం తీసుకుని ‘కోట్లు మింగారు’ అని రాస్తారు. కావలసింది ఎం.బుక్. ఏ తేదీన ఎవరు కొలిచారు, ఏ చోటు నుంచి ఏ చోటు దాకా, పొడవు వెడల్పు లోతు ఎంత, అన్నీ అందులో చేత్తో రాసి ఉంటాయి. నడివానల్లో నిండుగా పారుతున్న కాలువలో పూడిక కొలిచినట్టు తేదీ ఉంటే ఇంకేమి చెప్పాలి? వర్షపాతం లెక్క, నీటి విడుదల లెక్క కూడా ప్రభుత్వానివే.

సమాచార హక్కు చట్టం 2(జె) చాలామందికి సగమే తెలుసు. కాగితాల నకళ్లే కాదు, పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. నకళ్ల బదులు ‘ఫైలు పరిశీలన’ అడగండి. మన రాష్ట్ర నిబంధనల్లో మొదటి గంట ఉచితం. ఫైలులో ఏముందో తెలియకుండా నకళ్లు అడిగితే వాళ్లు ఇవ్వదలచుకున్నవే ఇస్తారు. మీరే కూర్చుని తిరగేస్తే నోట్ ఫైలు (అధికారులు ఒకరి తర్వాత ఒకరు అభిప్రాయాలు రాసేది) కూడా కనబడుతుంది. అసలు సంగతులు నోట్ ఫైలులోనే.

గ్రామ స్థాయిలో ఆర్థిక సంఘం నిధులకైతే ఇంత అవసరం లేదు. ఈ-గ్రామస్వరాజ్ సైటులో పంచాయతీ వారీగా ఖర్చు వోచర్లు కనిపిస్తాయి. ఒకే పనిని టెండరు పరిమితి లోపలికి వచ్చేలా ముక్కలు చేసి, ఒకే వ్యక్తికి వరుస తేదీల్లో చెల్లించారేమో చూడండి.

కందుకూరు కలం

అందరికీ ధన్యవాదాలు. పెన్నా ఒడ్డు అన్న చెప్పినట్టు గడులన్నీ చదివాను. కొన్నది 2021లో. అంటే 2019లో దాచిన మాట లేదు. ధర మరీ తక్కువగా ఉంది, చుట్టుపక్కల పలుకుతున్న ధరలో పదోవంతు కూడా లేదు. ఈసీ తీశాను. అమ్మినవారి పేరు, ఊళ్లో వాళ్లు చెబుతున్న డీకేటీ పట్టాదారు పేరు ఒక్కటే. కానీ ఈసీలో తండ్రి పేరు ఒకటి, ఊళ్లో చెప్పే తండ్రి పేరు ఇంకొకటి. ఇప్పుడేం చేయాలి?

పాత అడంగల్

బాగా పట్టుకున్నారు. తండ్రి పేరు దగ్గరే సగం వార్తలు కూలిపోతాయి. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు వీధికి ఇద్దరు ఉంటారు, తాత పేరు మనవడికి పెట్టడం వల్ల. అమ్మినది అసలు పట్టాదారా, ఆయన మనవడా, లేక పేరు మాత్రమే కలిసిన మూడో మనిషా? దస్తావేజు నకలు తెప్పించండి. అమ్మినవారికి ఆ భూమి ఎలా సంక్రమించిందో అందులో ఒక పేరా రాసి ఉంటుంది. ‘మా పిత్రార్జితం’ అని రాసి ఉంటే, పాత అడంగల్లో ప్రభుత్వ భూమి అని ఉంటే, ఆ రెండు వాక్యాలు ఒకచోట నిలబడవు.

ధర గురించి తొందరపడవద్దు. దస్తావేజుల్లో ప్రభుత్వ మార్కెట్ విలువకు దగ్గరగా రాయడం ఇక్కడ ఆనవాయితీ, అందరూ చేసేదే. అఫిడవిట్‌లో ఉన్నదీ దస్తావేజులో ఉన్నదీ ఒకటే అయితే, ఆ అఫిడవిట్ ఆ మేరకు నిజమే. అప్పటి ప్రభుత్వ విలువ కంటే కూడా తక్కువకు రిజిస్టరై ఉంటే అది వేరే కథ.

అసలు ప్రశ్న తేదీ. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు, కొన్నవారికీ హక్కు రాదు. 2023 సవరణతో, ఇచ్చి 20 ఏళ్లు దాటిన సాగు భూమికి అసలు లబ్ధిదారుకో వారసులకో అమ్ముకునే హక్కు వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక, అలా అమ్మకపు హక్కు వచ్చిన (ఫ్రీహోల్డ్) భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు పెట్టారు. మీ దస్తావేజు 2021ది, సవరణకు రెండేళ్లు ముందు. అది నిజంగా డీకేటీ భూమే అయితే, రిజిస్టర్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఉండాలి. ఉంటే ఎలా రిజిస్టరైంది? లేకపోతే ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చూపి తీసేశారు? నా మట్టుకు నాకు నాయకుడి కంటే ఈ ప్రశ్న ముఖ్యం.

ఇంకొకటి. ఆ ఇంట్లో వారికి నెల్లూరులో ఇళ్ల స్థలాలుంటే అఫిడవిట్‌లో చదరపు గజాల్లో ఉండి, దస్తావేజులో అంకణాల్లో ఉంటుంది. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. ఇది చూసుకోకుండా ‘సగం స్థలం మాయం’ అని రాసేరు.

ఉలవపాడు మామిడి

ఇంత పరుగు పెట్టి, చివరికి ‘వ్యక్తిగత సమాచారం’ అని ఒక్క ముక్క రాసి దరఖాస్తు తిప్పి పంపితే? ఇప్పుడు ఆ వీలు కూడా ఇచ్చారుగా.

నల్లకోటు

ఇచ్చారు, అది నిజమే. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చేసింది. 2025 నవంబర్‌లో నిబంధనలతో పాటు ఆ సవరణ అమల్లోకి వచ్చింది. ఇదివరకు ప్రజా వ్యవహారాలతో సంబంధం లేని వ్యక్తిగత వివరాలను మాత్రమే నిరాకరించాలి. చట్టసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న మాట కూడా అక్కడే ఉండేది. ఇప్పుడు ‘వ్యక్తిగత సమాచారం’ అంటే చాలు. పాత ముసాయిదాల్లో పాత్రికేయులకు ఉన్న మినహాయింపు కూడా చివరి చట్టంలో లేదు. నా దృష్టిలో ఇది మంచి మార్పు కాదు.

మిగిలినది 8(2). హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని అందులో ఉంది, అది పోలేదు. దరఖాస్తులోనే ఒక వాక్యం 8(2) ప్రకారం ప్రజాప్రయోజనం ఏమిటో రాయండి. మనిషి పేరుతో అడగకండి, సర్వే నంబరుతో, ఉత్తర్వు నంబరుతో అడగండి. ‘ఫలానావారి ఆస్తులు’ అన్నది వ్యక్తిగతం అనిపిస్తుంది. ‘ఫలానా సర్వే నంబరును 22-ఎ నుంచి తొలగించిన ఉత్తర్వు’ అన్నది ప్రభుత్వ చర్య. రిజిస్ట్రేషన్ చట్టం, ఎన్నికల నిబంధనలు, కంపెనీల చట్టం కింద వచ్చే కాగితాలకు ఈ సవరణ అడ్డు రాదు. అందుకే పెన్నా ఒడ్డుగారు మొదట చెప్పినదానికి ఇవాళ విలువ పెరిగింది.

పరువునష్టం గురించి ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. కోర్టు రికార్డులతో సహా ప్రభుత్వ రికార్డుల ఆధారంగా ప్రచురించినదానికి గోప్యత అడ్డు కాదని సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసులో చెప్పింది. లైంగిక దాడి బాధితుల వంటి విషయాల్లో మినహాయింపు ఉంది. కానీ ఆ రక్షణ రికార్డులో ఉన్న మాటకే. ‘భార్య పేరున 2021లో ఈ సర్వే నంబరులో భూమి రిజిస్టరైంది, ఫలానా ఫసలీ అడంగల్లో అదే సర్వే నంబరు ప్రభుత్వ భూమి’ అన్నది రికార్డు. ‘కబ్జా చేశాడు’ అన్నది మీ మాట, దాన్ని కోర్టులో మీరే నిరూపించుకోవాలి. ముందుగా ఆయనకు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపి, సమాధానానికి తగిన గడువు ఇచ్చి, ఏమి చెప్పినా వేయండి.

పెన్నా ఒడ్డు

ఇంకొక జాగ్రత్త. ఎవరైనా తెచ్చి చేతిలో పెట్టిన జిరాక్సును నమ్మకు. నెల్లూరు జిల్లాలోనే ఒక నాయకుడి విదేశీ ఆస్తుల పత్రాలంటూ ఎదుటి పార్టీ నాయకుడు విలేకరులకు చూపిన కాగితాల మీద ఫోర్జరీ కేసు నడిచింది. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టు నుంచి ఆ కేసు సామగ్రే దొంగతనానికి గురైంది. ఆ దొంగతనం దర్యాప్తును హైకోర్టు సీబీఐకి అప్పగించింది. ఆ రోజు సమావేశంలో ఇచ్చిన కాగితాన్ని ఎంతమంది మూలంతో సరిపోల్చి ఉంటారో ఊహించుకో. జిరాక్సు అంటే దారి చూపించే గుర్తు, అంతే. అందులోని నంబరు తీసుకుని మూల కార్యాలయంలో ముద్ర వేసిన నకలు నువ్వే తీసుకో.

తీసుకున్నాక ఆలస్యం చేయకు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో ఒక్క రాత్రి మంటల్లో భూముల దస్త్రాలు కాలిపోయాయి.

కందుకూరు కలం

దస్తావేజు నకలుకు రుసుము కట్టాను. అసైన్‌మెంట్ వివరాలు మాత్రం తహశీల్దారు దగ్గరే కదా. దానికి ఇక దరఖాస్తు తప్పదు. ఎంత కట్టాలి, ఎలా రాస్తే ఎవరికీ అనుమానం రాదు?

పాత అడంగల్

మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైవాటికి 10. తహశీల్దారుకు 5 చాలు. పోస్టల్ ఆర్డరు జత చేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, కౌంటరులో ఇవ్వకండి. మీ సర్వే నంబరు ఒక్కటే రాయవద్దు. ఆ గ్రామం, ఆ ఫసలీ డీకేటీ రిజిస్టర్లో పక్కపక్కన ఉన్న సర్వే నంబర్లన్నీ కలిపి, సంబంధిత పేజీల ధ్రువీకరించిన నకళ్లు అడగండి. 22-ఎ తొలగింపు ఉత్తర్వును ఈ దరఖాస్తులో కలపకండి, అది కలెక్టరేటుకు వేరుగా పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. గడువు దాటి ఇస్తే నకళ్లకు డబ్బు అడగకూడదు, 7(6) చూపించండి.

కందుకూరు కలం

ఫసలీ ఏదో నాకు తెలియదు కదా సార్. పట్టా ఎప్పుడిచ్చారో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో ఏడు చెబుతున్నారు.

పాత అడంగల్

పట్టా కాగితం ఎవరి ఇంట్లోనైనా ఉంటుంది. అదే విడతలో పక్క పొలం పొందినవాళ్లను అడగండి. డీ-ఫారం పట్టా మీద తేదీ, ఫైలు నంబరు రెండూ ఉంటాయి. ఒకే రోజున అందరికీ ఇచ్చి ఉంటారు కాబట్టి వారిదే సరిపోతుంది. నాయకుడి మాట ఎత్తకండి, బ్యాంకు రుణం గురించి మాట్లాడితే వాళ్లే పెట్టె తెరుస్తారు.

నల్లకోటు

ఆ చివరి సలహా వద్దు తమ్ముడూ. విలేకరిననే చెప్పి అడగండి. రేపు వాళ్లే సాక్షులు కావలసి వస్తే, మోసం చేసి కాగితం చూశాడన్న మాట మీ వార్తకే దెబ్బ.

ఉలవపాడు మామిడి

వార్త వస్తే ఇక్కడ పెట్టు బాబూ, చదువుతాను. రాకపోతే ఎవరు ఆపారో అదీ రాయి.